అత్తమ్మ పేరు మీద బోరింగు

మా అత్తమ్మ ఖాసింబీ 1975లో చనిపోతే, ఆ ఏడాదే మా ఆయన మీరావలి కనిగిరి దగ్గర తమ ఊళ్ళో ఆమె పేరు మీద బోరింగు వేయించాడు. మాలో దాన్ని సదఖా జారియా అంటారు. అంటే ఒకసారి చేస్తే ఆగకుండా పుణ్యం తెస్తూ ఉండే దానం. ఎవరు పిడి కొట్టి బిందె నింపుకున్నా, ఏ బిడ్డ దోసిలి పట్టి తాగినా, అందులో కొంత అత్తమ్మకు చేరుతుందని మా నమ్మకం. నీళ్ళ దానాన్ని మించింది లేదని మా ఆయన ప్రతి రంజాన్‌కీ చెప్పేవాడు. ఆ మాట వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి. ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో పేరున్న పళ్ళ డాక్టరు కాస్తా బోరింగు మాటెత్తితే కనిగిరి పిల్లవాడైపోయేవాడు.

ఆ మెట్ట ప్రాంతంలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే ఎక్కువ. అందుకని నీళ్ళు పడ్డ రోజున మా మరిది సుభాని మొదటి బిందె ఇంటికి మోసుకెళ్ళి, ముందు తాగి చూశాడట. ఉప్పు లేదు. తర్వాత ఆ నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెట్టించాడట. వెన్నలా ఉడికిందట. మావాళ్ళకు మంచినీళ్ళంటే అంతకంటే పరీక్ష లేదు. ఊరంతా పాత బావిని వదిలేసి బోరింగు దగ్గరికి వచ్చింది.

1985 ఎండాకాలంలో సుభాని ఒక కలర్ ఫోటో పంపాడు. బోరింగు చుట్టూ బడిపిల్లలు, వెనక రాతిపలక మీద అత్తమ్మ పేరు, ముందు వరసలో సుభాని కూతురు గౌసియా. ఫోటో తీసినవాడు నవ్వమని గట్టిగా చెప్పి ఉంటాడు. పిల్లలందరూ నోళ్ళు బార్లా తెరిచి నవ్వుతున్నారు. హాల్లో ఎక్కడ తగిలిద్దామా అని నేను గోడలు చూస్తున్నాను. మా ఆయన అన్నం ముందు నుంచి ఎంగిలి చేత్తోనే లేచి, ఫోటోని కిటికీ దగ్గరికి పట్టుకుపోయాడు.

ఏంటండీ, ఏమైనా నిధి కనపడిందా అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు. పిల్లల పళ్ళు చూడమన్నాడు. చూశాను. కొందరి పళ్ళ మీద సున్నం అద్దినట్టు తెల్లటి మచ్చలు, కొందరికి గోధుమరంగు చారలు. పల్లెటూరి పిల్లలు, సరిగ్గా తోముకోరు, అదో పెద్ద విషయమా అన్నాను.

"తోమితే పోయేది కాదు, జాన్‌బీ. పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడింది. నీళ్ళలో నుంచి."

ఫ్లోరైడ్ అన్నాడు. అదేంటో నాకూ తెలుసు. రోజూ ఆయన క్లినిక్‌లో పిల్లల పళ్ళకు పూసేది అదే. ఇక్కడ ఇర్వింగ్ పంపుల్లో సిటీవాళ్ళు కలిపేదీ అదే. కొంచెమైతే పన్నుకు బలం. ఎక్కువైతే ముందు పళ్ళను పాడుచేసి, తర్వాత ఎముకల్లో చేరి కీళ్ళు బిగించేస్తుందట. రంగు ఉండదు, రుచి ఉండదు, వాసన ఉండదు. ఆయన ఇదంతా నెమ్మదిగా, పేషెంటుకు చెప్పినట్టు చెప్పాడు.

వెంటనే ఫోన్ చేసి ఆపించేస్తానన్నాడు. నేను అడ్డం పడ్డాను. ఒక్క ఫోటో చూసి ఊరి నోటి దగ్గర నీళ్ళు తీసేస్తారా, తప్పయితే ఎవరు జవాబు చెప్తారు, ముందు పరీక్ష చేయించండి అన్నాను. న్యాయంగానే అన్నాను. కానీ లోపల అత్తమ్మ పేరు చెడిపోతుందన్న భయం కూడా ఉంది. ఆ రెంటిలో ఏది ఎక్కువో నన్నడిగితే చెప్పలేను.

నర్సు దేవకుమారి అప్పుడు సెలవు మీద ఒంగోల్లో ఉంది. ఇక్కడ మా వీధిలోనే ఉంటుంది, మాకు అయినవాళ్ళకంటే ఎక్కువ. వచ్చేటప్పుడు ఒక సీసాలో బోరింగు నీళ్ళు తెచ్చిపెట్టమని ఆమెకీ, నింపి ఇమ్మని సుభానికీ కబురు చేశాం. ఎందుకన్నది మాత్రం సుభానికి చెప్పలేదు. అమ్మ పేరు మీది నీళ్ళు తాగాలని అన్నకు మనసైందనుకున్నాడు పాపం. సీసా మూతికి కొత్త గుడ్డ కట్టి, బస్సెక్కి ఒంగోలు దాకా వెళ్ళి తనే ఇచ్చివచ్చాడట.

ఆమె వచ్చేదాకా మా ఇల్లు ఇల్లు కాదు. ఆయన తిండి తగ్గించేశాడు. క్లినిక్ నుంచి వచ్చి ఫోటో ముందేసుకుని కూర్చునేవాడు. ఏ పిల్లవాడు ఏ ఏడు పుట్టి ఉంటాడు, బోరింగు పడేనాటికి ఎంతవాడై ఉంటాడు అని తనలో తనే లెక్కలు. నేను వంటింట్లో పంపు తిప్పితే ఉలిక్కిపడేవాడు. ఒకరోజు నమాజు చదివి జానిమాజు చాప మడవకుండా అలాగే కూర్చుండిపోయి అడిగాడు.

"తాగినంత కాలం పుణ్యం అమ్మకు చేరుతుందంటాం కదా. మరి ఇది ఎవరికి చేరుతుంది?"

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. చనిపోయినామె మీదికి పాపం తోస్తారా, తెలియక చేసినదానికి దేవుడు అలా లెక్కలు కడతాడా అని అరిచాను. అరిచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ ప్రశ్న నాలోనూ అప్పటికే తిరుగుతోంది మరి.

దేవకుమారి సీసాని చీరల మధ్య పెట్టి భద్రంగా తెచ్చింది. ఎయిర్‌పోర్టులో ఏదన్నా పవిత్రజలమా అని అడిగితే ఔనందట. చర్చికి వెళ్ళేదాన్ని, అబద్ధం ఆడించారమ్మా అని నవ్వబోయి, మా ముఖాలు చూసి ఆపేసింది.

రామమోహనరావుగారిది ఇక్కడి సిటీ నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. మా ఆయనకు గుంటూరులో చదువుకున్న రోజుల స్నేహితుడు. ఆయన సీసా తీసుకుని లోపలికి వెళ్తే మేం బయట కార్‌లో కూర్చున్నాం. ఎండకు సీటు కాలుతోంది, ఏసీ వేయాలని ఇద్దరికీ తోచలేదు. రామమోహనరావుగారు తనే నడిచి కార్ దగ్గరికి వచ్చారు. మంచి కబురైతే చేయెత్తి పిలిచేవారు.

"ఇక్కడ మేం కలిపేదానికి ఆరింతలుంది మీరావలీ. డౌట్ లేదు, రెండుసార్లు రన్ చేశాను. ఆ నీళ్ళలో పప్పు బాగా ఉడుకుతుందని అంటారా మీవాళ్ళు?"

అంటారని మా ఆయన తలూపాడు. ఆ నీళ్ళలో సున్నం శాతం తక్కువ, అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది, అందుకే ఫ్లోరైడ్ కూడా అంతగా నిలుస్తుంది అని రావుగారు చెప్పారు. అంటే మావాళ్ళు మెచ్చి తెచ్చుకున్న గుణమే విషాన్ని పట్టి ఇచ్చిందన్నమాట.

మర్నాడు పొద్దున క్లినిక్‌కి వెళ్ళకముందే ఫోన్ బుక్ చేశాం. అక్కడ సాయంత్రం. ఊళ్ళో ఎరువుల కొట్లో తప్ప ఫోన్ లేదు. సుభాని కూతురిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. నేను రెండో గదిలో ఫోనెత్తి వింటున్నాను.

మా ఆయన దాచకుండా అంతా చెప్పాడు. ఆ నీళ్ళు బట్టలకూ పశువులు కడగడానికీ వాడుకోండి, తాగడానికి మాత్రం వద్దు, పాత బావి నీళ్ళూ పరీక్ష చేయించేదాకా వద్దు, ప్రస్తుతానికి కుంట నీళ్ళు వడగట్టి కాచుకోండి, తర్వాత ఏర్పాటు నేను చూస్తాను అన్నాడు. సుభాని ఒప్పుకోలేదు.

"ఏం చెప్పమంటావన్నా ఊళ్ళోవాళ్ళకి? అమ్మ పోసిన నీళ్ళు తాగబాకండి అని నేనే చెప్పాల్నా? ఆ కుంటలో గేదెలు పడుంటయ్. అమెరికాలో మిషన్ తప్పు చూపించుండగూడదా? అమ్మ పేరు తియ్యబాక అన్నా, నీకు దణ్ణం పెడతా."

నేను కల్పించుకోబోయాను. ఈలోగా ఆయన గౌసియాకు ఫోన్ ఇమ్మన్నాడు. ఆ పిల్ల భయం భయంగా సలాం చెప్పింది. ఏ క్లాసు, ఏం తిన్నావు అని అడిగి, తర్వాత మామూలుగా అడిగాడు.

"అమ్మా, పొద్దున లేవంగానే కాళ్ళు నొప్పులుంటయ్యా?"

"ఉంటయ్ పెదనాయనా. కాసేపు గోడ పట్టుకుని నడిస్తే పోతయ్. మా బళ్ళో అందరికీ ఉంటయ్ గదా."

పిల్ల చేతిలోంచి ఫోన్ ఎవరో తీసుకున్న చప్పుడు. సుభాని పక్కనే నిలబడి విన్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు అది అంతకుముందటి సుభాని గొంతు కాదు.

"ఇప్పుడే పోయి పిడి ఊడబీకుతా అన్నా. మసీదు మైకులో కూడా చెప్పిస్తా. రాయి మీద అమ్మ పేరు ఏం జేసేది? చెక్కి తీయించెయ్యనా?"

హాల్లోంచి మా ఆయన ఏడుపు నాకు ఫోన్‌లోనూ వినపడుతోంది, గోడ అవతలినుంచీ వినపడుతోంది. జవాబు నేనే చెప్పాను.

"పేరు ఉండనీ సుభానీ. అత్తమ్మ ఊరికి మంచినీళ్ళు ఇంకా బాకీ ఉంది."