గోడ జరిపిన వేసవి

మా పట్నంలో కతోలికుల సమాధుల తోటకి నడుమ ఒక గోడ ఉండేది. అటు పెద్ద కులాల క్రైస్తవులు, ఇటు పల్లెల నుంచి వచ్చిన మాల మాదిగలు. ఫాదర్లు ఎందరు మారినా గోడని ఎవరూ ముట్టుకోలేదు.

1984 వేసవిలో అది పదడుగులు ఇటు జరిగింది. అటు చోటు చాలడంలేదని సంఘపెద్ద ఇన్నారెడ్డి జరిపించాడు. బతికుండగా తాపీపని చేసిన మార్కు, రిక్షా తొక్కిన జక్రయ్య ఆ పదడుగుల్లోనే పక్కపక్కన పూడ్చి ఉన్నారు.

మార్కు భార్య ఎలీసమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీస్తుంది. కబురు విని పరిగెత్తుకొచ్చేసరికి, గుంతలు తవ్వే బుల్లయ్య ఎముకలు నింపిన ఎరువుల సంచి మూతి కడుతున్నాడు.

"గోడ అవతలుంటే మాత్రమేం? మట్టిలోనేగా ఉన్నాడు! ఎందుకు తీశావు?"

గొడుగు కింద నిలబడ్డ ఇన్నారెడ్డి అన్నాడు: "మా నాన్న పక్కన పడుకుంటాడా మీ ఆయన? పొద్దుగూకేలోగా మీవైపు పెట్టుకో."

ఎలీసమ్మ సంచి విప్పింది. రెండు పుర్రెలున్నాయి.

"తొందరపెట్టారమ్మా. జక్రయ్యనీ అందులోనే వేశాను," అన్నాడు బుల్లయ్య.

"ఇందులో మార్కు ఏది?"

"తెలీదు."

మార్కుకి ముందుపన్ను ఒకటి ఉండేది కాదు. తీరా చూస్తే రెండిటికీ ముందుపళ్లు లేవు. కారం మంట ఆరని వేళ్లతో రెండిటినీ తడిమి తడిమి చూసింది. తెలియలేదు.

సంచి ఎత్తుకుని ఫాదర్‌గారి గుమ్మంలో కూర్చుంది. "వీళ్లని ఉన్నచోటే ఉంచమని ఇన్నారెడ్డిగారికి ఒక్క మాట చెప్పండయ్యా."

"దేవుడి దగ్గర అందరూ ఒకటేనమ్మా," అని ఆయన శిలువ గుర్తు వేసి తలుపు మూసుకున్నాడు.

తిరిగి తోటకొచ్చేసరికి జక్రయ్య భార్య దేవకుమారి కాచుకుని ఉంది. "నా మొగుణ్ణి నాకియ్యి."

"ఏది జక్రయ్యో చెప్పి తీసుకో."

దేవకుమారి కాసేపు చూసి పెద్ద పుర్రె తీసింది. "ఇదే," అంది. దానితోపాటు సగం ఎముకలు కొంగులో కట్టుకుపోయి గోడ ఇవతలే మరోచోట పూడ్చుకుంది. మిగిలింది ఎలీసమ్మ చేత్తోనే గుంత తవ్వి పూడ్చింది.

నవంబరులో సమాధుల పండుగకి గోడ అవతల బ్యాండు మోగుతోంది. దేవకుమారి ఎలీసమ్మ దగ్గరకొచ్చి నిలబడింది.

"ఆవేళ నాకు తెలిసి తీసుకోలేదు వదినా. పెద్దదిగా ఉందని తీసుకున్నాను."

ఎలీసమ్మ లాగి చెంపమీద కొట్టింది. దేవకుమారి కదల్లేదు.

ఆ ఏటినుంచి ఇద్దరూ రెండు గుంతల దగ్గరా కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.