జతగా అరిగినవి

నేను ఒక పినియన్‌ని. ఆ పేరు మీరు వినకపోతే అది మీ తప్పు కాదు లెండి. లారీ వెనక, రెండు చక్రాల నడుమ, కుండలాంటి ఇనుప హౌసింగులో, నూనెలో మునిగి బతికే పళ్లచక్రాన్ని ఎవరు చూడవచ్చారు? దసరా వస్తే దండ ఇంజనుకు, కుంకుమ బానెట్‌కు, నిమ్మకాయలు టైర్లకు. ముందునుంచి వచ్చే బలాన్నంతా పట్టుకుని చక్రాలకు అందించేది మాత్రం నేను. ఓ అగరువత్తి మా వైపు తిప్పిన నాథుడు లేడు.

నేను ఒంటరిగా పుట్టలేదు. నన్ను కోసిన రోజునే క్రౌను అనే పెద్ద చక్రాన్నీ కోశారు. మా ఇద్దరి పళ్లకూ గరుకు ముద్ద పూసి, ఒకదానికొకటి కరిపించి, తిప్పి తిప్పి, ఒకరి గతుకులు ఒకరికి అలవాటయ్యాక గానీ వదల్లేదు. ఇద్దరి ఒంటిమీదా ఒకే నంబరు కొట్టారు. మీకు మంగళసూత్రం ఎలాగో మాకది అలాగ. నేను ఆరుసార్లు తిరిగితే అది ఒక్కసారి తిరుగుతుంది. దాని నింపాది చూసి మొదట్లో నాకు ఒళ్లు మండేది. పోనుపోను, ఆ నింపాదే లేకపోతే అంత బరువు కదలదని తెలిసింది.

మమ్మల్ని చీమకుర్తిలో మాలకొండయ్య లారీకి బిగించారు. క్వారీ నుంచి గ్రానైటు బ్లాకులు మోసే బండి. సొంత బండికి సొంత డ్రైవరు అతను. క్లీనరు ఎవరనుకున్నారు? అతని భార్య ఆదెమ్మ! పిల్లాజెల్లా లేరు, ఒక్కదాన్నీ ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడమంటావా అని, ఓ రోజు కొంగు దోపుకుని ఎడమ తలుపు తీసి ఎక్కేసింది. అంతే, మళ్లీ దిగలేదు. అద్దం తుడవడం, టైరు కింద రాయి పెట్టడం, వెనక్కి తిప్పేటప్పుడు "రా మావా, రా, రా, హోల్డాన్" అని అరవడం. ఆ అరుపు నాకు హౌసింగులోకి కూడా వినిపించేది. ఆ సీటంటే ఆమెకు ప్రాణం. ఇన్నేళ్లకు లోకం చూస్తున్నానని పొంగిపోయేది.

లోకం ఊరుకుంటుందా? సింగయ్య అనే మరో లారీ ఆయనకు టీ బంకు దగ్గర ఎప్పుడూ ఇదే పాట: "పెళ్లాన్ని క్లీనర్ని చేసుకున్నోడు బండేం తోల్తాడబ్బా!" ఒకనాడు మాలకొండయ్యకు కోపం నషాళానికంటింది. మాటా మాటా పెరిగి పందెం దాకా పోయింది. ఆయుధపూజ నాడు, ఇంకా తెరవని బైపాసు రోడ్డు మీద, చెరో బ్లాకు ఎత్తుకుని, నిలబడ్డ చోటు నుంచి ఒక్క ఫర్లాంగు. మాలకొండయ్య గెలిస్తే సింగయ్య నోరు మూసుకోవాలి. ఓడితే ఆదెమ్మ క్లీనరు సీటు దిగిపోవాలి, మళ్లీ ఎక్కకూడదు. తనను అడగకుండా తన సీటు పందెం కాశాడని తెలిసి ఆ పూట ఆమె మొగుడి ముఖం చూడలేదు. చూడకపోవడమే న్యాయం అంటాను నేను.

గెలవాలంటే మగవాళ్లకు తట్టేది ఒక్కటే, గుర్రాలు. మాలకొండయ్య పాత ఇంజను దింపేసి, ఎక్కడినుంచో పెద్ద ఇంజను తెచ్చి ఎక్కించాడు. అందులో ఎన్ని గుర్రాల బలముందో కనబడిన వాడికల్లా చెప్పుకుని మురిశాడు. ఒక్క గుర్రాన్నైనా నేను చూసిన పాపాన పోలేదు గానీ, వాటి తోపు మాత్రం బాగానే తెలిసింది. మమ్మల్ని బిగించిన ఖాజా మేస్త్రీ బండి కింద దూరి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ముందు గుర్రాలు పెంచావు, బానే ఉంది. ఎనక పళ్లు పాతయ్యే కదా అబ్బయా."

"అయితే స్పీడు క్రౌను ఏసెయ్ మేస్త్రీ."

"అది ఖాళీ రోడ్డు మీద పరుగుకి. బరువెత్తుకుని నిలబడ్డ కాడినుంచి లేవాలంటే ఈ నిదానం జతే మేలు. కాకపోతే ఒకటి ఇను. ఉత్త బండైతే టైరు జారిద్ది, పన్ను బతుకుద్ది. రాయెక్కాక టైరు జారదు, దెబ్బంతా పన్ను మీదే. క్లచ్చి మెల్లంగా వదలాల."

"వదుల్తాలే."

"నువ్వు వదుల్తావు. నీ రోషం వదలనీయాల గదా," అంది పక్కనుంచి ఆదెమ్మ.

పందెం సంగతులు నాకు తర్వాత మేస్త్రీ షెడ్డులో వినబడ్డవే. జనం రోడ్డుకు రెండువైపులా మూగారు. ఎవరో ఎర్ర తువ్వాలు పైకెత్తారు. అది దిగే ముందు మాలకొండయ్య పక్కకు చూశాడట. ఆదెమ్మ తలుపు కమ్మీని రెండు చేతులా పట్టుకుని, సీటుకు అతుక్కుపోయి కూర్చుంది. రేపటినుంచి ఈమె ఇక్కడ ఉండదేమోనన్న బెంగ అతని గుండెలోంచి తిన్నగా కాల్లోకి దిగింది. క్లచ్చి ఒక్కసారిగా వదిలేశాడు. పాడు ప్రేమ! కాస్త తక్కువ ప్రేమించి ఉంటే గెలిచేవాడు.

టైరు జారలేదు. ఉన్న గుర్రాలన్నీ కట్టకట్టుకుని నా మీద పడ్డాయి. ఠప్పుమని నా పళ్లు రెండు విరిగాయి. సింగయ్య లారీ ఫర్లాంగు దాటి హారను మోగించింది. మా బండి గీత మీదే నిలబడిపోయింది.

ఆదెమ్మ ఏడవలేదు. కొంగుతో అద్దాన్ని ఓసారి తుడిచి, తలుపు తీసుకుని దిగింది. "మాటంటే మాటే మావా. నలుగురూ నవ్వేట్టు చెయ్యమాక" అంది.

షెడ్డులో హౌసింగు విప్పారు. నా సంగతి సరే, క్రౌను మాత్రం చెక్కు చెదరలేదు. అయినా మేస్త్రీ దాన్ని కూడా విప్పబోతుంటే మాలకొండయ్య అడ్డుపడ్డాడు.

"దాని తప్పేముంది మేస్త్రీ? దాన్నెందుకు దించుతున్నావ్?"

"జతగా అరిగినయ్యి అబ్బయా. కొత్తదాంతో ఇది కలవదు, ఊళ పెట్టుద్ది. ఒకటి పోతే రెండూ దిగాల్సిందే."

మాలకొండయ్య క్రౌను మీద చెయ్యేసి కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. మా కోసమేననుకున్నాను మొదట, నవ్వకండి.

మా ఇద్దర్నీ షెడ్డు గుమ్మం పక్క పాత ఇనుములో పడేశారు, ఒకదాని మీద ఒకటి. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది. లారీకి కొత్త జత వచ్చింది గానీ కొత్త క్లీనరు రాలేదు. ఎవర్ని చూపించినా మాలకొండయ్య వద్దన్నాడు. తానే తోలేవాడు, తానే దిగి టైరు కింద రాయి పెట్టుకునేవాడు. ఆదెమ్మ రోజూ బస్సెక్కి ఒంగోలు వెళ్తోందని షెడ్డులో అనుకునేవారు. ఎందుకో ఎవరికీ తెలియలేదు.

కొన్ని దసరాలు గడిచాక, ఓ పొద్దున, వీపు మీద బ్లాకుతో అదే లారీ షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఎడమ తలుపు తెరుచుకుంది. భుజాన తుడుపుగుడ్డతో మాలకొండయ్య దూకి, రాయి వెతుక్కుంటూ టైరు దగ్గరకు పరుగెత్తాడు. స్టీరింగు ముందు ఆదెమ్మ కూర్చుని ఉంది. షెడ్డులో టీ తాగుతున్న సింగయ్య గ్లాసుతో సహా లేచాడు.

"ఏందబ్బా మాలకొండా, మాట తప్పితివే?"

"యాడ తప్పిందన్నా? క్లీనరు సీటు ఎక్కనంది. ఎక్కిందా? ఆ సీటిప్పుడు నాది."

"కబుర్లు తర్వాత మావా, రాయి పెట్టావా లేదా?" పైనుంచి ఆదెమ్మ కేక.

"పెట్టా, పెట్టా!"

హౌసింగులో నూనె మార్పించుకుని వాళ్లు బయలుదేరారు. ఆదెమ్మ క్లచ్చి వదిలింది. ఎంత మెల్లగా వదిలిందంటే, అంత రాయి నెత్తిమీదున్నా, బండి ఎప్పుడు కదిలిందో లోపలున్న కొత్త జతకు తెలిసే ఉండదు. ఒట్టు, నాకు ఈర్ష్య కలిగింది. క్రౌనుతో చెబుదామనుకున్నాను. అదీ అటే చూస్తోంది.