హాగరుకు కట్టిన బాణీ

జూలీ రెండో మాట అందుకోకముందే జ్ఞానాంబకు అర్థమైపోయింది, తన గొంతు కోశారని. హాగరు వేషంలో స్టేజి మీద నిలబడి జూలీ పాడుతున్నది తను కట్టిన బాణీ కాదు.

జ్ఞానాంబకు ఈ పిచ్చి పట్టింది మస్కట్ ఒపెరా హౌస్‌లో విన్న ఒక ఉపన్యాసంతో. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో, ఫ్లోరెన్స్ నగరంలో, కొందరు పెద్దమనుషులు నాటకం మొత్తం పాడుతూనే ఆడించాలని పంతం పట్టారట. రాగాలు సాగదీయడానికి కాదు. మనిషి మాట్లాడే తీరులోనే బాణీ నడవాలి, మాట ముందు, పాట వెనక. ఒపెరా అలా పుట్టిందట. హాస్పిటల్‌లో ఇంజెక్షన్లు చేస్తున్నా ఆమెకు అదే ధ్యాస. అక్కడి తమ తెలుగు సంఘం కోసం, బైబిల్లో యజమానురాలు పట్టుబట్టి ఎడారిలోకి గెంటించిన దాసి హాగరు కథను అలా కట్టింది.

హాగరు మాటలు మాత్రం రమణివి. రాజోలు నుంచి వచ్చి మస్కట్‌లోనే ఘుబ్రా పేటలో ఇంటిపని చేసుకునే మనిషి. పాత మేడమ్ మండుటెండలో తనను గేటు బయటికి నెట్టి తలుపేసుకున్న సంగతి రమణి చెబుతుంటే, ఆ గొంతు ఎక్కడ లేచిందో, ఎక్కడ విరిగిందో, జ్ఞానాంబ బాణీని అక్కడే లేపింది, అక్కడే విరిచింది. "నీ మాట ఒక్కటీ పోనివ్వను, అందరూ వింటారు" అని చేతిలో చెయ్యేసి చెప్పింది. దాని కోసమే రమణి ఇప్పటి మేడమ్‌ను బతిమాలి సెలవు తెచ్చుకుని వెనక వరసలో కూర్చుంది.

ఇప్పుడు ఆ మాటలు ఎక్కడున్నాయి? ప్రీతమ్ కీబోర్డు హోరు కింద, జూలీ సాగదీసే రాగాల కింద, ఒక్కటీ వినబడలేదు. జనం మాత్రం ఈలలేసి మరీ మళ్లీ పాడించుకున్నారు.

తెర వెనక జ్ఞానాంబ జూలీ చెయ్యి పట్టుకుంది. "ఏంటే ఇది? ప్రాక్టీసులో నాది పాడావు గదే!"

"నీది చప్పగా మాట్లాడినట్టుందక్కా, ఎవరింటారు? నేనూ ప్రీతమూ వేరేగా కట్టుకున్నాం. చెబితే నువ్వు ఒప్పుకోవు." జూలీ రవ్వంత కూడా సిగ్గుపడలేదు. "నువ్వే చెప్పావు గదా, ఆ ఫ్లోరెన్సాయన పక్కవాడి ఒపెరాలో తన శిష్యులతో తన బాణీలే పాడించాడని. ఇద్దరం ఎంత నవ్వామో!"

నిజమే, నవ్వారు. ఒకే రూమ్‌లో, ఒకే స్టవ్ దగ్గర, తోడబుట్టినదానికన్నా ఎక్కువనుకుని జ్ఞానాంబే ఆ ముచ్చట చెప్పింది. చెబుతున్నది ఎవరికో ఇప్పుడు తెలిసింది.

జూలీ ఫొటోలకు వెళ్లిపోయింది. రమణి బయట మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"పాట బాగుందండక్కా," అంది. మొహంలో నవ్వు లేదు. "నా మాటలు ఎందుకు తీసేశారండి? అంత బాగోలేవా?"

"నేను తియ్యలేదు రమణీ. జూలీ బాణీ మార్చేసింది. నాకు తెలీదు."

రమణి ఆమె మొహంలోకి చూసింది. అప్పుడెప్పుడో గేటు మూసుకున్నప్పుడు కూడా ఆ కళ్లు ఇలాగే ఉండి ఉంటాయి.

"ఒకే రూములో ఉంటారు గదండి," అంది రమణి. "మీకు తెలీకుండానా?"

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.