మెత్తబడిన పట్టు

"మోచెయ్యి కాదండీ, మణికట్టు వంగాలి. బొటనవేలు ఆకాశం చూడాలి!" అని అరుస్తూ మాస్టారు బంతులు కొట్టేవాళ్లు నిలబడే మూడో చాప దగ్గరికి నడిచాడు. పొద్దున్నించీ ఇదే పాట. అందుకే గోల్ఫు నేర్పే ఆ మైదానంలో అందరికీ అతను మణికట్టు మాస్టారు. మెడ ఎండకి కమిలిపోయింది. ఎప్పుడూ తొడుగులో ఉండే ఎడమచెయ్యి మాత్రం తెల్లగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంటుంది. ఒకప్పుడు పెద్ద ఆటగాడు కావాలనుకున్నాడు. కాలేదు, అంతే.

మూడో చాప మీద మామగారున్నారు. బస్సు నడిపి రిటైరైన మనిషి. "కర్ర ఊపడం కూడా ఉద్యోగమేనా?" అని పిల్లనిచ్చేటప్పుడే అడిగారు. ఇంట్లో పొద్దుపోక ఇప్పుడు అదే కర్ర పట్టుకున్నారు. ఆ నోటి నుంచి ఒక్కసారి 'బాగా నేర్పావయ్యా' అనిపించుకోవాలని మాస్టారి కోరిక. బయటికి చెప్పడు గానీ, ప్రాణమంతా అక్కడే ఉంది.

చిక్కల్లా ఆ పట్టుతోనే. స్టీరింగు తిప్పిన చేతులు, ఉడుంపట్టు. అంత బిగిస్తే మణికట్టు ఎలా వంగుతుంది? మణికట్టు బొటనవేలి వైపు వంగాలే గానీ వెనక్కి విరక్కూడదని ఆయన గడియారం పట్టీ కింద, చేతి వెనకవైపు, చెక్కస్కేలు దోపేవాడు మాస్టారు.

"స్కేలుతో కొట్టే మాస్టార్లని చూశాగానీ, కట్టేవాణ్ణి నిన్నే చూశానయ్యా," అనేవారు మామగారు.

ఇవాళ మొదటి దెబ్బకే చేతిలోని కర్ర, అదే క్లబ్బు, జారి కింద పడింది.

"చెయ్యి బరువుగా ఉందయ్యా అల్లుడూ."

"బరువు క్లబ్బుది మామయ్యా! పట్టు వదిలారు చూడండి, ఇన్నాళ్లూ నేను మొత్తుకుంటోంది ఇదే. మళ్లీ ఎత్తండి."

ఎత్తారు. చెయ్యి నేలకి సమంగా వచ్చేసరికి మణికట్టు మెత్తగా వంగింది, క్లబ్బు నిటారుగా నిలిచింది. బంతి ఎప్పుడూ పోనంత దూరం పోయింది. మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మామగారి మూతి ఒకవైపుకే నవ్వింది. ఆ వెటకారం మామూలేగా అనుకున్నాడు.

"కాసేపు కూర్చుంటానయ్యా."

"ఇప్పుడాపితే చెయ్యి మర్చిపోతుంది మామయ్యా. ఈ బుట్టలో బంతులు అవనివ్వండి."

మారుమాట్లాడకుండా కొట్టారు. బుట్ట ఖాళీ అయ్యాక చాప మీద కూర్చుని, మెల్లగా పక్కకి ఒరిగిపోయారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది: "చెయ్యి ఎప్పట్నించి పట్టు తప్పింది?"

"పట్టు తప్పలేదండీ, ఇవాళే సరిగ్గా..." అని మాస్టారు ఆగిపోయాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందనీ, కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదనీ ఆవిడ చెబుతోంది. అతనికి తన చప్పట్లే వినిపిస్తున్నాయి.

చీకటి పడకముందే మామగారు పోయారు.

భార్య ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరంటే నాన్నకెంత గురో! 'మీ ఆయన ఆపమనేదాకా ఆపకూడదే, అంత బాగా నేర్పుతాడు' అనేవారు. పాపం, ఒంట్లో బాగోలేదని మీతో ఒక్కమాటైనా అన్లేదా?"



నర్సు వచ్చి గడియారమూ, చెక్కస్కేలూ మాస్టారి చేతిలో పెట్టి వెళ్లింది. స్కేలు మీద పట్టీ ఒత్తుకున్న చార అలాగే ఉంది.