తొట్టిలో దిగిన విమానం

ఉప్పల్ సామ్రాజ్యానికి సింహాసనం ఒక్కటే. అది నాచారం వెళ్ళే దారిలోని ఇరానీ హోటల్లో, తిరిగే ఏకైక పంకా కింద వేసిన కుర్చీ. ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా ఉద్యోగ విరమణ చేసిన సీతారామయ్య గారు చాలాకాలంగా దానిని అధిష్ఠించి ఉన్నారు. ఎదుటి బల్ల దగ్గర చెమటలు కక్కే మాజీ రైలు డ్రైవరు నతానియేలు గారికి ఆ కుర్చీ మీద కన్నుండడం సహజం. మే నెల కావడం చేత మరింత సహజం.

ఒక సాయంత్రం సీతారామయ్య గారు బిస్కత్తును చాయ్‌లో ముంచుతూ, యుద్ధవిమానం నీటి అడుగున కూడా గాలిలో పోయే వేగంతోనే పోగలదని సెలవిచ్చారు.

“జర ఆగుండ్రి సార్,” అన్నారు నతానియేలు గారు. “పోయిన వానకాలం హబ్సిగూడ కాడ మోకాలు లోతు నీళ్ళల్ల నా స్కూటరే కదల్లే. విమానం ఎట్ల పోతది?”

“నీరు గాలికన్నా సుమారు ఎనిమిది వందల రెట్లు బరువండీ. అందుకే విమానం ముక్కులోంచి గాలి వదులుతాం. ఒళ్ళంతా బుడగ కప్పుకుంటే దానికిక నీరే తగలదు.”

“అంటె నీళ్ళల్లనే పోతది గని నీళ్ళు తగలయి. మస్తుంది సార్! మరి ఇంజనుకు ఊపిరో?”

“సీసాలో నింపి పంపుతాం.”

“చేసి సూపెట్టుండ్రి. కాకపోతె కుర్చీ నాది.”

సీతారామయ్య గారికి కుర్చీ కన్నా పరువు ముఖ్యం. ఆ పరువు నివసించేది మాత్రం కుర్చీలోనే.

నతానియేలు గారు నాచారంలో ఒక చర్చికి సంఘ పెద్ద. ఆదివారం నీట ముంచి ఇచ్చే బాప్తిస్మాల కోసం శనివారమే తొట్టి నింపుతారు. సముద్రం ఆ విధంగా లభించింది. న్యాయనిర్ణేత పాస్టరు దయాకర్ గారు. మూరెడు ప్లాస్టిక్ విమానం కడుపులో సీతారామయ్య గారు గాలి దట్టించిన సీసా బిగించారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు కనుక, పాస్టరు గారే నడుము లోతు నీటిలోకి దిగారు.

“నేను ఊఁ అనగానే మీట నొక్కి, అడుగునే వదిలెయ్యండి,” అన్నారు సీతారామయ్య గారు.

పాస్టరు గారు ఒక చెయ్యి విమానం మెడ కింద, మరొకటి నడుము కింద వేసి భక్తితో ముంచారు. ఊఁ వినిపించింది, మీట నొక్కారు. కానీ ఆ చేతులు ఏళ్ళ తరబడి ఎందరినో ముంచాయి, ఒక్కరినీ అడుగున వదిలింది లేదు. అదే గాంభీర్యంతో విమానాన్ని పైకి లేవనెత్తాయి. అది ఆయనను నిలువునా తడిపి, బుస్సుమంటూ గాలిలో లేచి, ట్యూబులైటును పగలగొట్టి, డోలక్ వెనుక విశ్రమించింది.

“లేపారేమిటండీ!”

“ముంచినంక లేపకుంట ఉండుడు నా చేతులకు రాదు సార్.”

“నీళ్ళల్ల ఉన్నంతసేపు ఉరకలే, ఉరికినప్పుడు నీళ్ళల్ల లేదు,” అని నవ్వారు నతానియేలు గారు. “కుర్చీ నాదే!”

“ప్రయోగమే జరగనప్పుడు ఓటమి ఎక్కడిది?”

ఈ ప్రశ్న హోటలు దాకా నడిచి వచ్చింది. కుర్చీకి చెరొక వైపు నిలిచి ఇద్దరూ దానిని పట్టుకున్నారు. నీళ్ళు ఓడుతున్న పాస్టరు గారు మధ్యలోంచి వచ్చి అందులో కూర్చున్నారు.

“బట్టలు ఆరినంక తీర్పు జెప్త. మూడు చాయ్ చెప్పుండ్రి అన్నా.”

బట్టలు ఏనాడో ఆరాయి. తీర్పు మాత్రం ఇంకా తడిగానే ఉందట. పాస్టరు గారు రోజూ సాయంత్రం వచ్చి, పంకా కింద కూర్చుని ఆరబెడుతున్నారు. ఎదుటి బల్ల దగ్గర ఒకే దినపత్రికతో వంతులవారీగా విసురుకుంటున్న శత్రువులిద్దరూ, రెండో ప్రయోగంలో విమానాన్ని ఎవరి చేతికీ ఇవ్వకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు.