తుమ్మకాయల గంప

మేకల దొడ్డి ఊడ్వడం మా ఇంట్లో పనుల కిందికి రాదు. అన్నం వండడం పని, నీళ్లు పట్టడం పని, బొగ్గుల పొయ్యి రాజేయడం కూడా పనే. దొడ్డి మాత్రం "పోతపోత ఓ చీపురు ఏస్తె అయిపాయె" అంటుంది మా అత్త ఐలవ్వ. ఆ పొద్దు కూడా అలా పోతూ పోతూనే వంగాను. తొలకరికి తడిసిన పెంటకుప్ప అంచున, మేక పెంటికల్లోంచి సన్నటి మొలకలు తలలెత్తి ఉన్నాయి. ఒకటి పీకి చూశాను. ఆ ఆకు నాకు కొత్త కాదు. రెండు ఎండాకాలాలుగా గడ్డపార పట్టి పొద్దంతా తవ్వి తీస్తున్నది దాన్నే. సర్కారు తుమ్మ. చీపురు అక్కడే వదిలేసి గోడకు ఆనుకుని కూలబడ్డాను. గుట్ట మీద నా సాలు ఎందుకు పాడైందో అప్పుడు తెలిసింది.

గోదావరిఖనిలో మా క్వార్టర్లకు ఆవల, కమాన్‌పూర్ పోయే వైపు, ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో తవ్విన మట్టిని గుట్టలుగా పోశారు. ఆ మట్టి మీద సర్కారు తుమ్మ తప్ప ఏదీ తనంతట తాను మొలవదు. ఎండల్లో దాన్ని వేళ్లతో సహా పెకిలించి, గుంటలు తీసి, వానలు పడగానే వేప, కానుగ, నేరేడు మొక్కలు పాతాలి. ఆ పని ఆడకూలీలది, అదీ సీజన్‌లోనే. మనిషికో సాలు, అంటే గుంటల వరుస ఒకటి, అప్పగిస్తారు. నాట్లు అయ్యాక మమ్మల్ని ఇళ్లకు పంపేస్తారు. మళ్లీ ఎండలు ముదిరేదాకా ఆ గుట్ట ముఖం చూసేవాళ్లుండరు.

నిరుడు, తొంభై రెండులో, నేనూ పోతానన్నప్పుడు ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. "బొగ్గుబాయిల పని చేసెటోని పెండ్లాం కూలికి పోతె నలుగుట్ల నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు మా ఆయన గట్టయ్య. కట్టుకోను చీర, తినను బువ్వ ఉండగా నీకేం తక్కువని అడిగాడు. ఏం తక్కువో చెప్పడం నాకు చేతకాలేదు. పొద్దున తోమిన గిన్నెలు రాత్రికి మళ్లీ అంట్లే అవుతాయి, పాతిన మొక్క అలా కాదు కదా, రేపు పోయి చూస్తే అక్కడే ఉంటుంది కదా అని చెప్పాలనిపించింది. చెప్తే నవ్వుతాడని ఊరుకున్నాను. చివరికి అత్తే దారి చూపింది. "పోనియ్యిరా. వచ్చేటప్పుడు మేకలకు ఇన్ని తుమ్మకాయలు తెస్తది. మేపుకు తిరిగే తిప్పలు నాకు తప్పుతయి." అలా నాకు సెలవు దొరికింది, నెత్తి మీదికి ఒక గంపతో సహా.

తుమ్మకాయలు తియ్యగా ఉంటాయి, మేకలు పడి చస్తాయి వాటికోసం. పని దిగాక మిగతా ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని కాసేపు ముచ్చట్లు పెట్టుకుంటుంటే, నేను నరికిన కొమ్మల మధ్య ముళ్లు గుచ్చుకుంటున్నా కాయలు ఏరుకునేదాన్ని. నా పక్క సాలు మక్సూదాది. మెకానిక్ జహంగీర్ భార్య. "అరె సారక్కా, నువ్వు పనికొచ్చినవా, మేకలకాడ నౌకరికి కుదిరినవా?" అని ఆటపట్టించేది. నవ్వేదాన్ని. ఏం చేస్తాను మరి!

మేస్త్రీ ఎల్లన్న నాట్ల ముందు ఒక మాట అన్నాడు. "ఎవల సాలు మంచిగ నిలబడితే వాళ్లను వచ్చే ఏడు నర్సరీల పెట్టుకుంటం." నర్సరీ అంటే గుట్ట కింద పందిరి, పైపుతో నీళ్లు, వరుసలుగా మొక్కల సంచులు, ఏడాది పొడుగునా పని. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. గట్టయ్య పెండ్లాన్ని, ఐలవ్వ కోడల్ని కాకుండా నర్సరీ సారక్కను కావాలని ఎంత ఆశపడ్డానో! ఆ ఆశకే ఇంట్లో మేకల పెంట ఎత్తుకుని గుట్టెక్కాను. పొద్దున గంప నిండా ఎరువు, సాయంత్రం గంప నిండా కాయలు. ఒక్కో గుంటలో రెండేసి దోసిళ్లు వేసి, పైన మట్టి కప్పి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మొక్కను నిలబెట్టాను.

ఈ ఎండాకాలం పిలుపు రాగానే ముందు నా సాలు దగ్గరికే ఉరికాను. నడుమెత్తు ముళ్లు. గుంట గుంటలోనూ సర్కారు తుమ్మే. నా మొక్కలు దాని కింద ఎండి పుల్లలైపోయాయి. పక్క సాళ్లలో తుమ్మ అక్కడొకటి ఇక్కడొకటి ఉందంతే. "ఏంది సారక్కా, తుమ్మలు పీకుమంటె తుమ్మలు నాటినవా?" అన్నాడు ఎల్లన్న. అందరూ గొల్లుమన్నారు. మక్సూదా నవ్వలేదు. నర్సరీకి ఆమెనే తీసుకున్నారు, గుంటల్లో మట్టి తప్ప ఏమీ వేయని మక్సూదాను. వచ్చి నా చెయ్యి పట్టుకుని "నేనైతే అడగలే అక్కా" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు దొడ్డిలో పీకిన మొలకను అరచేతిలో పెట్టుకుని ఇంట్లోకి వెళ్లాను. గట్టయ్య నైట్ షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నాడు.

"మేకలు కాయలు తింటె గింజలు పెంటల పడ్డయి. గా పెంటనే నేను గుంటలల్ల పోసిన. నా సాలు గందుకే పోయింది" అన్నాను.

"మరి నిన్ను ఎరువు మొయ్యమని ఎవలన్నరు?" ఆయన తల కూడా ఎత్తలేదు.

"మేం కాయలు తెమ్మన్నం గని పెంట మోసుకపొమ్మన్నమా?" అంది అత్త. "పోనీ తియ్. ఇంటిపట్టున ఉంటవు."

నిజమే, ఎవరూ మొయ్యమనలేదు. నా కంచంలో కూర ఆయన కంచంలోకి వంచమనీ ఎవరూ అనలేదు. జ్వరంతో ఉన్న రోజున నీళ్లబిందె ఎత్తమనీ అనలేదు. ఎవరూ ఒక్క మాట అనకూడదని, అనకముందే అన్నీ చేస్తూ వచ్చాను. కాయలు తేకపోతే పనికి పోనివ్వరని భయపడి తెచ్చాను. ఆ కాయలే నా పనిని తినేశాయి. గుట్టెక్కి వీళ్లకు దూరంగా ఏదో పెంచుకుంటున్నాననుకున్నాను గానీ, ఇంటి చాకిరీని గంపకెత్తుకుని గుంట గుంటకూ నేనే పంచి వచ్చాను. ఎంత తెలివితక్కువదాన్ని!

ఆ పూట కూడా నాట్లకు పోయాను. మధ్యాహ్నం అందరూ తింటుంటే గడ్డపార తీసుకుని నా సాలు మొదటి గుంట దగ్గర కూర్చుని తుమ్మను వేరుతో సహా తవ్వాను. ఈ ఏడు ఆ సాలును అలాగే వదిలేసి వేరేచోట గుంటలు తీయించారు, దాన్ని తవ్వితే ఇక నాకు వచ్చేదేమీ లేదు. అయినా తవ్వాను. కింద ఒక నేరేడు మొక్క, జానెడు, రెండాకులతో బతికే ఉంది.

సాయంత్రం గంప ఖాళీగా పట్టుకుని ఇంటికొచ్చాను. వసారాలో దాచిన కాయల బస్తా ఈడ్చుకొచ్చి, బొగ్గుల పొయ్యి రాజేసి, గుప్పిళ్లతో కాయలు అందులో వేయడం మొదలుపెట్టాను. దొడ్డిలో మేకలు అరిచాయి.

"ఓసినీ! కాయలు పొయ్యిల పెడుతున్నవేందే? మేకలేం దినాలె?" అత్త పరుగున వచ్చింది.

"మేకలు నీయి అత్తా. రేపటి సంది మేపుకు తోలుకపో."

మంచం మీంచి గట్టయ్య లేచి కూర్చున్నాడు. "కాయలు తేనిదానివి మరి పనికి పొమ్మని ఎవలన్నరు నిన్ను?"

"ఎవలనలే. నేనే పోతున్న."

ఆయన దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు. కాయలు గింజలతో సహా చిటపటమంటూ కాలుతున్నాయి. నేనే పోతున్న. అంత చిన్న మాట. నిరుడే అని ఉంటే, ఈపాటికి నా నేరేళ్లు నా భుజం దాకా వచ్చి ఉండేవి.