పుస్తకంలో చదివిన కథ

ఆ ఆదివారం ప్రసంగం పండింది. ఆ సంగతి వేదిక మీద ఉండగానే పాస్టరుగారికి తెలిసిపోయింది. ప్రసంగం పండితే జనం దగ్గడం మానేస్తారు, పిల్లలు కాళ్ళూపడం మానేస్తారు. వెనక వరసలో ఎప్పుడూ కునికిపాట్లు పడే పెద్దాయన సైతం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అలాంటప్పుడు మనిషికి ఒళ్ళు తెలియదు. పాస్టరుగారూ మనిషే కదా.

ఆయన ఆ బాప్టిస్టు సంఘానికి కాపరి. వారంలో మిగతా రోజులు పక్క వీధిలోని పెద్దాసుపత్రికి చాప్లిన్. అంటే రోగుల మంచాల పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పింది విని, అడిగితే ప్రార్థన చేసే ఉద్యోగం. ఈ రెండు పనుల్లోనే ఆయన జుట్టు నెరిసింది. వేదిక కింది పలకలు తీస్తే కనిపించే నీళ్ళ తొట్టిలో ఎందరినో ముంచి బాప్తిస్మం ఇచ్చారు. వార్డుల్లో ఎందరికో కనురెప్పలు మూశారు. మాట్లాడడం ఆయనకు కొట్టిన పిండి, వినడమూ బాగానే వచ్చు. చిక్కల్లా ఒక్కటే, విన్నదేదీ ఆయన దగ్గర ఊరికే పడుండదు. వారం మొదట్లో మంచం పక్కన విన్నది శనివారానికల్లా ప్రసంగంలో ఉదాహరణగా ముస్తాబై కూర్చుంటుంది. మంచం దగ్గర విన్నది మంచం దగ్గరే వదిలెయ్యాలని ఉద్యోగంలో చేరేటప్పుడే చెప్పారు. పేరు చెప్పకుండా వృత్తి మార్చేస్తే వదిలేసినట్టేనని ఆయన తనకు తానే సర్దిచెప్పుకున్నారు.

ఆ రోజు ఉదాహరణలో ఒక వడ్రంగి ఉన్నాడు. నిజానికి అతను బస్సు డ్రైవరు. కడుపులో గడ్డతో మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ఆపరేషను మర్నాడే. అతనికి ఒక చెల్లెలు. నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుందని తల్లి ఆమెతో మాట్లాడడం మానేసింది. తల్లి పోయేటప్పుడు డ్రైవరు ఒక్కడే దగ్గరున్నాడు, అతనూ టీ తాగడానికి బయటికెళ్ళి వచ్చేసరికి అంతా అయిపోయింది. పడుతూ లేస్తూ వచ్చిన చెల్లెలు "అమ్మ నన్నేమైనా తలుచుకుందా?" అని అడిగింది. ఆ ముఖం చూడలేక అతను నోటికొచ్చింది చెప్పేశాడు. "తలుచుకుంది. చిన్నదానికి తలనొప్పి, జడ బిగించి వేసుకోవద్దని చెప్పు అంది." ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. డ్రైవరు ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు, పాస్టరుగారికి చెప్పాడు. చెల్లెలికి నిజం చెప్పెయ్యి బాబూ, గుండె తేలికవుతుందని పాస్టరుగారే ధైర్యం నూరిపోశారు.

వేదిక మీద డ్రైవర్ని వడ్రంగిని చేశారు గానీ జడ మాట మార్చడానికి ఆయనకు మనసొప్పలేదు. మారిస్తే కథలో పస పోతుంది మరి! "ప్రేమతో ఆడినా అబద్ధం అబద్ధమే!" అని బల్ల గుద్దారు. అప్పుడు కనిపించింది, ఆడవాళ్ళ వైపు వరసలో వదులుగా జడ వేసుకున్న ఒకావిడ. ఆమె చెయ్యి మెల్లగా తల మీదికి వెళ్ళింది.

డ్రైవరు మంచం దగ్గర పళ్ళు కోసి పెట్టే చెల్లెలు ఆవిడే. "మీ ప్రార్థన వింటే ధైర్యంగా ఉందయ్యగారూ, ఆదివారం చర్చికొస్తాను" అని ఆయనతోనే అంది. ఆయన పొంగిపోయి, ఆ తర్వాత మరిచిపోయారు. ముగింపు ప్రార్థన ఎలా చేశారో ఆయనకే తెలియదు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరితో చేతులు కలపడం ఆయన అలవాటు. సంఘ పెద్ద ఆయన చెయ్యి వదలకుండా ఊపేశాడు. "ఏడిపించేశారయ్యగారూ! ఇలాంటివి మీకెక్కడ దొరుకుతాయో గానీ!"

ఆ వెనకే ఆమె నిలబడి ఉంది.

"అయ్యగారూ, ఆ వడ్రంగి కథ ఎవరిదండీ?"

"ఎక్కడో పుస్తకంలో చదివానమ్మా."

"పుస్తకంలోనా?"

"ఆఁ. పాత పుస్తకం."

అబద్ధమాడింది చాలక దానికి అతుకు కూడా వేశారు. బల్ల గుద్దిన చెయ్యి ఇంకా మండుతూనే ఉంది. ఆమె "అలాగా అండీ" అని మెట్లు దిగిపోయింది. ఆమె నమ్మితే బాగుండునని ఆయన కోరుకున్నారు, అలా కోరుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయారు.

ఇంటికెళ్ళాక అన్నం పెడుతూ భార్య అడిగింది. "ఇందాక గుమ్మం దగ్గర ఎవరితోనో అన్నారే, ఏ పుస్తకమండీ అది? మీరు పుస్తకం తెరిస్తే గురక మొదలెడతారుగా, అంత కథ ఎప్పుడు చదివారు?"

మరో రోజైతే ఆయనా నవ్వేవారే. ఇప్పుడు కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశారు. "పుస్తకం కాదు. వార్డులో ఒకతను చెప్పాడు."

"అతని తాలూకు ఎవరైనా వచ్చారా ఇవాళ?"

"చెల్లెలు."

ఆవిడ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

డ్రైవరుకు తానే ముందు చెప్పుకోవాలని ఎండలోనే ఆసుపత్రికి బయలుదేరారు. దారి పొడుగునా క్షమాపణ మాటలు అల్లుకున్నారు. అవి చక్కగా కుదురుతుంటే తన మీద తనకే రోత పుట్టింది. తీరా వార్డులోకి అడుగు పెట్టేసరికి చెల్లెలు అక్కడే ఉంది.

"రండయ్యగారూ," అన్నాడు డ్రైవరు. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం అలా లేవు. "చెల్లి చెప్పింది. ఏదో పుస్తకంలో కథ చెప్పారట. అచ్చం మాలాంటివాళ్ళ కథేనట."

పాస్టరుగారు మంచం దాకా వచ్చి నిలబడ్డారు.

"పుస్తకాల్లో అన్నీ ఉంటాయే పిచ్చిదానా," అని చెల్లెలి వైపు తిరిగాడు డ్రైవరు. "వెళ్ళి ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకురా."

ఆమె వెళ్ళగానే పాస్టరుగారు మంచం పట్టె పట్టుకున్నారు. "తప్పయిపోయింది బాబూ. నన్ను క్షమించు."

"ఎంతమంది విన్నారు?"

"చర్చి అంతా విన్నది."

"ఏడ్చారా?"

"ఏడ్చారు."

"ఈ పూట దానికి చెప్పేద్దామనుకున్నానండీ," అన్నాడు డ్రైవరు. "మీరే చెప్పమన్నారుగా. రేపు ఆపరేషను బల్లెక్కితే దిగుతానో లేదోనని మనసు రాయి చేసుకున్నా. ఇప్పుడెలా చెప్పను? ఊరంతా విన్నాక ఆఖర్న దానికి చెప్పాలా? చెబితే మీరు పుస్తకమని బొంకారని కూడా తెలిసిపోతుంది. మీ ప్రార్థన మీద దానికెంత నమ్మకమో తెలుసా?"

"నేనే చెబుతాను. తప్పంతా నాదని చెబుతాను."

"వద్దు. మీరు చెప్పింది చాలు."

అతను అరవలేదు. అరిచి ఉంటే పక్క మంచాలవాళ్ళు తిరిగి చూసేవారు, పాస్టరుగారికి తగిన శాస్తి కొంతైనా జరిగేది. చెల్లెలు ఫ్లాస్కుతో వచ్చి మూత బిగిస్తూ మంచం అంచున కూర్చుంది.

"అయ్యగారూ, ఒకటి అడగనా?" అంది. "ఆ పుస్తకంలో ఆ అన్న చివరికి చెల్లెలితో నిజం చెబుతాడా? మీరు అక్కడికొచ్చి ఆపేశారు."

ఆపేసిన మాట నిజమే. చెల్లెలు ఏమైపోతుందన్న ఆలోచనే ఆయనకు రాలేదు, బల్ల గుద్దే చోటు రాగానే కథ అయిపోయిందనుకున్నారు. ఆయన డ్రైవరు ముఖంలోకి చూశారు. ఎన్నో చావుల దగ్గర తడుముకోని మనిషి, ఈ చిన్న ప్రశ్నకు దిక్కులు చూశారు.

"నాకు తెలియదమ్మా," అన్నారు. "నేను చివరిదాకా ఆగలేదు."

డ్రైవరు చెయ్యి చాపి చెల్లెలి చేతిలోని ఫ్లాస్కు తీసి కిటికీలో పెట్టాడు.

"చెబుతాడు," అన్నాడు. "ఇలా దగ్గరికి జరుగు."

పాస్టరుగారు అలవాటు కొద్దీ కుర్చీ దగ్గరికి లాక్కోబోయారు. ఇలాంటి ఘడియల్లో పక్కన కూర్చోవడానికే కదా ఆయన్ని ఆసుపత్రిలో పెట్టుకున్నది.

"మీరు కాస్త బయటికి వెళ్ళండి అయ్యగారూ," అన్నాడు డ్రైవరు.

ఆయన కుర్చీ వదిలేసి బయటికి నడిచారు. వెనక ఎవరో మంచం చుట్టూ తెర లాగారు. వరండాలో నర్సు ఒకామె ఎదురై నమస్కారం పెట్టింది. తిరిగి నమస్కరించడానికి ఆయనకు చేతులు లేవలేదు. లోపల డ్రైవరు గొంతు సన్నగా సాగుతోంది, మాటలు తెలియడం లేదు. ఉన్నట్టుండి ఆమె ఏడుపు వినిపించింది. పాస్టరుగారి కాళ్ళు ఆగిపోయాయి.

ఆగింది జాలితో అనే ఆయన అనుకున్నారు. కానీ చెవి తలుపు వైపు తిరిగింది, తెర వెనక ఒక అన్న, ఒక చెల్లెలు అని బుర్రలో వాక్యం అప్పుడే మొదలైంది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆపాలో కూడా తోచేసింది.

పాస్టరుగారు రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నారు. చూసేవాళ్ళు ఏమనుకుంటారో కూడా చూసుకోకుండా, అలాగే మెట్ల వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు.